లక్కీ డిప్‌లో తేలిన వైద్యం

శ్రోతలకు నమస్కారం.

తిరుమల లక్కీ డిప్ గురించి మన ఊళ్లో ఎవరికీ కొత్తగా చెప్పాల్సిన పని లేదు. సుప్రభాతానికో, తోమాలకో పేరు నమోదు చేసుకుంటాం. కంప్యూటర్ ఎవరి పేరు తీస్తే వాళ్లకే టికెట్. అక్కడ ఎమ్మెల్యే లెటర్ చెల్లదు. బావమరిది కొండమీద పనిచేస్తున్నాడన్నా చెల్లదు. తగిలితే తగిలినట్టు, లేకపోతే లేదు. ఈరోజు నేను చెప్పబోయేది కూడా ఒక లక్కీ డిప్ గురించే. కాకపోతే అది సేవా టికెట్లకు కాదు, క్షయ రోగులకు. జరిగింది ఇక్కడికి మూడు నాలుగు గంటల బస్సు దూరంలో, మద్రాసులో, 1956లో.

నేను డాక్టర్ని కాదు. కాలేజీలో స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ కథను ముప్పై ఏళ్లు క్లాసులో చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ముందు మా చిన్నతాతతోనే మొదలుపెట్టేవాణ్ణి.

మాది పాకాల దగ్గర పల్లె. చిన్నతాతకు ముప్పై నిండకముందే దగ్గు పట్టుకుంది. పొద్దుగూకితే జ్వరం. ఒకరోజు ఉమ్ములో నెత్తురు పడింది. రాయవేలూరు తీసుకుపోతే ఎక్స్‌రే తీసి క్షయ అన్నారు. అక్కడి నుంచి మదనపల్లె పక్కన ఆరోగ్యవరం. నిన్నమొన్నటిదాకా మన చిత్తూరు జిల్లాలోనే ఉన్న చోటది. 1912లో కొన్ని మిషనరీ సంఘాలు కలిసి మొదలుపెట్టిన శానటోరియం. చల్లటి గాలి, చెట్లు, పాలు, గుడ్లు, విశ్రాంతి. చిన్నతాత అక్కడ ఏడాదిన్నర పైనే ఉన్నాడు. బాగై తిరిగొచ్చాడు. వచ్చేసరికి కొట్టంలో కాడెద్దులు లేవు, బావి కింద రెండు కయ్యలు లేవు. ఆ సంగతి ఎప్పుడెత్తినా మా అవ్వ ఒకటే మాట అనేది: “మనిషి వచ్చినాడు నాయనా, కయ్య పోయింది.”

అప్పట్లో క్షయకు వైద్యమంటే అదే. మన దగ్గరే కాదు, ఏ దేశంలోనైనా అదే. మంచి గాలి, మంచి తిండి, కదలకుండా పడుకోవడం. మన దేశంలో చూస్తే రోగులు లక్షల్లో, మంచాలు వేలల్లో. కయ్యలు అమ్ముకోగలిగినవాడికి మంచం దొరికేది. అమ్ముకోవడానికి ఏమీ లేనివాడు ఇంట్లోనే దగ్గుతూ ఉండేవాడు.

ఇంతలో మందులొచ్చాయి. ముందు స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్, తర్వాత పాస్ అనే మందు, 1952లో ఐసోనియాజిడ్ మాత్ర. ఈ చివరిది చౌక. దాంతో కొందరు డాక్టర్లకు ఒక ప్రశ్న పుట్టింది. మాత్రలే జబ్బును తగ్గిస్తుంటే ఇక మంచం ఎందుకు? ఇంట్లోనే మింగకూడదా?

పెద్ద పెద్ద డాక్టర్లే రెండుగా చీలిపోయారు. కూడదన్నవాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. ఇరుకు ఇల్లు, చాలీచాలని తిండి, పక్కనే పసిపిల్లలు. ఇలాంటి చోట క్షయ తగ్గుతుందా? తగ్గకపోగా ఇంటిల్లిపాదికీ అంటుకోదా?

మరి తేల్చేదెలా? ఇక్కడ కామెర్ల పసరు సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను. మన వైపు పసరు పోసేవాళ్లు ఊరికొకరు ఉంటారు. “నా దగ్గరికొచ్చిన నూటికి తొంభై మందికి తగ్గింది” అంటారు. అది అబద్ధం కాకపోవచ్చు. కలుషితమైన నీళ్లతో వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గిపోతాయి. పసరు పోయని వందమందిలో ఎందరికి తగ్గిందో లెక్క తీస్తేగానీ ఈ తొంభైకి అర్థం లేదు. పక్కన పెట్టి చూడటానికి ఇంకో గుంపు కావాలి.

ఆ రెండు గుంపుల్ని ఎవరు విడదీయాలన్నదే అసలు చిక్కు. డాక్టరుకే వదిలేస్తే ఆయనా మనిషే కదా. మరీ చిక్కిపోయినవాణ్ణి చూసి జాలిపడి ఆసుపత్రిలో పెట్టుకుంటాడు, కాస్త గట్టిగా ఉన్నవాణ్ణి ఇంటికి పంపుతాడు. అప్పుడు ఇంటి గుంపుకే బాగా తగ్గినట్టు కనబడుతుంది. అది ఇంటి గొప్ప కాదు, డాక్టరు జాలి. అందుకే చీటీ. 1947లో బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్‌ను ఇలాగే పరీక్షించారు. మొత్తం 107 మంది రోగులు. ఎవరికి ఇంజెక్షన్, ఎవరికి ఉత్త విశ్రాంతి అన్నది సీలు వేసిన కవర్లో ఉంటుంది. రోగిని చేర్చుకోవాలని నిర్ణయించాకే కవరు తెరవాలి. ఆరు నెలలకు ఇంజెక్షన్ పడిన 55 మందిలో నలుగురు చనిపోయారు. పడని 52 మందిలో 14 మంది. ఎక్స్‌రేలు చూసినవాళ్లకు ఏ ఫిల్మ్ ఏ గుంపుదో చెప్పలేదు. చీటీ తీసిన చేతికీ, ఫలితం చూసే కంటికీ పక్షపాతం లేకుండా కట్టడి చేశారన్నమాట. క్లాసులో ఈ మాట చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. పిల్లలు ఆవలించేవాళ్లు, అది వేరే సంగతి.

సరే, మద్రాసుకు వద్దాం. మన వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి 1956లో అక్కడ ఒక క్షయ చికిత్సా కేంద్రం పెట్టాయి. వాలెస్ ఫాక్స్ అనే డాక్టరు దాన్ని నడిపించాడు. నగరంలోని పేదపేటల నుంచి వచ్చిన 193 మంది రోగుల్ని తీసుకున్నారు. చీటీ వేశారు. ఒక గుంపు శానటోరియంకు, ఒక గుంపు ఇంటికి. మందులు మాత్రం ఇద్దరికీ అవే, ఐసోనియాజిడ్, పాస్. పన్నెండు నెలలు.

ఆ రెండు గుంపుల బతుకులు ఒకసారి ఊహించుకోండి. శానటోరియంలో గాలి ఆడే వార్డు, మంచి భోజనం, నర్సులు, విశ్రాంతి. ఇంట్లో ఉన్నవాళ్లకు ఇరుకు గది, వాళ్ల రోజువారీ తిండి, వాళ్ల పనులు. ఇంటి గుంపు కేంద్రానికొచ్చి మందులు తీసుకుపోవాలి. అవి నిజంగా మింగుతున్నారా లేదా అని చెప్పాపెట్టకుండా ఇంటికెళ్లి మాత్రలు లెక్కపెట్టేవాళ్లు, మూత్రం పరీక్ష చేసేవాళ్లు. పాస్ మందు మింగడం తేలిక కాదు. కడుపులో తిప్పుతుంది. కాస్త ఒళ్లు తేలికపడగానే ఎవరికైనా మానేయాలనిపిస్తుంది.

ఏడాది తిరిగింది. శానటోరియంలో ఉన్నవాళ్లలో నూటికి 92 మందిలో జబ్బు అణిగింది. ఇంట్లో ఉన్నవాళ్లలో నూటికి 86. మళ్లీ చెప్తాను. అక్కడ 92, ఇక్కడ 86.

ఆరు తేడా ఉంది కదా అంటారు. ఉంది. కానీ అంత చిన్న గుంపుల్లో ఆ పాటి తేడా చీటీ ఎటు పడిందన్న దానివల్ల కూడా వస్తుంది. శానటోరియం వాళ్లు బరువు ఎక్కువ పెరిగారు, అది నిజం. జబ్బు తగ్గడంలో మాత్రం మంచి మంచానికీ ఇరుకు గదికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మరి ఇంట్లో పిల్లలు? ఐదేళ్లు ఆ కుటుంబాలను కనిపెట్టి చూశారు. రోగి ఇంట్లోనే ఉన్నందువల్ల ఆ కుటుంబాల్లో జబ్బు ఎక్కువగా పుట్టలేదు. అంటుకునేది చాలావరకు జబ్బు బయటపడకముందే అంటుకుని ఉంటుంది. మందులు మొదలయ్యాక అంటించే శక్తి తగ్గిపోతుంది.

1959లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ తర్వాత లోకమంతా క్షయ రోగిని ఇంటి దగ్గరే ఉంచి మాత్రలివ్వడం అలవాటు చేసుకుంది. శానటోరియంలు ఒక్కొక్కటీ ఖాళీ అవుతూ వచ్చాయి. ఎదురుగా కూర్చోబెట్టి మాత్ర మింగించే డాట్స్ పద్ధతికి కూడా మద్రాసు కేంద్రంలో జరిగిన పనే పునాది. మా చిన్నతాతకు జబ్బు ఓ పదేళ్లు ఆలస్యంగా వచ్చి ఉంటే మనిషీ ఉండేవాడు, కయ్యా ఉండేది.

అయితే మా అవ్వ దీన్ని ఒప్పుకునేది కాదు. “గుడ్లు పెట్టబట్టే బతికినాడు” అనేది చివరిదాకా. నేను నవ్వేవాణ్ణి. ఇప్పుడు నవ్వను. జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో 2019 నుంచి 2022 దాకా ఒక పరిశోధన జరిగింది. ఆ మద్రాసు కేంద్రమే పెరిగి పెద్దదై నేడు జాతీయ క్షయ పరిశోధన సంస్థ అయింది. అది కూడా ఇందులో ఉంది. 2,800 మంది రోగులు, వాళ్ల ఇళ్లలోవాళ్లు పదివేలమందికి పైగా. రోగులందరికీ నెలనెలా తిండి సరుకులిచ్చారు. కొన్ని ప్రాంతాల్లో మాత్రం ఇంట్లో మిగతావాళ్లకు కూడా తలా ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఇచ్చారు. ఇక్కడా ఎవరికన్నది చీటీయే. బియ్యం, పప్పు అందిన ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. మద్రాసు లెక్కలో జబ్బు తగ్గడానికి మాత్రలు చాలాయి. కానీ ఇంట్లో ఇంకొకరికి రాకుండా ఉండాలంటే కడుపునిండా తిండి కావాలి. అవ్వకు సగం మార్కులు వేయాల్సిందే. ఇప్పుడు ప్రభుత్వం క్షయ రోగులకు తిండి ఖర్చుకని నెలకు 1,000 రూపాయలు ఇస్తోంది. మీ ఇంట్లో ఎవరైనా ఉంటే ఆ డబ్బు పడుతోందో లేదో బ్యాంకు పుస్తకం చూసుకోండి.

టైమ్ అయిపోవస్తోంది, అద్దం వెనకనుంచి చెయ్యి ఊపుతున్నారు. ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను.

మనం తిరుపతిలో రుయా ఆసుపత్రికో, స్విమ్స్‌కో, లేదంటే రాయవేలూరుకో పోతుంటాం. వైద్య విద్యార్థులు చదువుకునే ఆసుపత్రి అన్నచోట పరిశోధన కూడా ఉంటుంది. రేపు ఎవరైనా మిమ్మల్ని “ఒక ట్రయల్ ఉంది, చేరతారా” అని అడగొచ్చు. ట్రయల్ అంటే వైద్యాన్ని ఇలా రోగుల మీద పరీక్షించి చూడటమే. భయపడి పారిపోనక్కర్లేదు. ఆ 193 మంది చేరబట్టే కదా ఇంత తేలింది. అలాగని చూడకుండా సంతకమూ పెట్టొద్దు.

మా చెల్లెలు అదే చేసింది. ఎక్కడన్నది ఎందుకులెండి. షుగర్ చూపించుకోవడానికి వెళ్తే ఇంగ్లీషు కాగితాల కట్ట ముందు పెట్టి “ఇక్కడ ఒక సంతకం పెట్టక్కా” అన్నారు. పెట్టేసింది. ఇంటికొచ్చాక ఏం పెట్టావే అంటే “ఏమోన్నా, బీపీకేమో” అంది.

మర్నాడు ఇద్దరం వెళ్లాం. తెలుగు ప్రతి ఉందా అని అడిగితే, కుర్ర డాక్టరు కాస్త సిగ్గుపడుతూ బీరువాలోంచి తీసిచ్చాడు. ఉంది! అన్నాళ్లూ బీరువాలోనే ఉంది. 2019 నిబంధనల ప్రకారం కొత్త మందుల ట్రయల్‌లో చేరేవాళ్లకు వివరాల కాగితం, సంతకం పెట్టిన ఒప్పంద పత్రం, రెండింటి ప్రతులూ ఇవ్వాలి. చదువు రానివాళ్లకు సంబంధం లేని సాక్షి ఎదుట చదివి చెప్పాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తప్పుకోవచ్చు, అందువల్ల మామూలు వైద్యం ఆగదు. కాబట్టి ఆ కాగితం అడిగి తీసుకోండి. ఇంటికి తెచ్చుకోండి. ఇంట్లో కూర్చుని చదవండి, చదివించుకోండి.

మా చెల్లెలు కళ్లద్దాలు పెట్టుకుని పైకి చదివింది. మీకు కొత్త మందు రావచ్చు, ఇప్పుడున్న మందే రావచ్చు, ఏదన్నది చీటీ పద్ధతిలో తేలుతుందని ఉన్నచోట ఆగి, “ఇదేందిన్నా, లక్కీ డిప్పా!” అంది. తర్వాత రెండు రోజులు ఆలోచించుకుని ఉంటానంది. చివరి పేజీలో డాక్టరు నంబరు ఉంది. దానికి ఫోన్ చేసి ఆమె అడిగిన మొదటి ప్రశ్న, “సంగటి తినొచ్చా సార్?” ముద్ద ఎంత ఉంటుందమ్మా అని ఆయన అడిగాడట. ఈమె ఫోన్‌లో పిడికిలి చూపించింది.

నమస్కారం.