జాతర రాత్రి, మిద్దె మీద మేలుకుని

నమస్కారం. రాత్రి ఒంటిగంట దాటింది. సూర్యాపేట దగ్గర మా ఊళ్లో, మిద్దె మీద కూర్చుని మెల్లగా మాట్లాడుతున్నాను. కింద చుట్టాలందరూ పడుకున్నారు. నేను ఎనిమిదింటికి భోంచేశాను. ఇంకో గంట చూసుకుని గానీ పడుకోను. ఎందుకో చెబుతాను.

మేము అమెరికాలో, నార్త్ కరోలినాలో ఉంటాం. ఇంటి వెనకే చెట్ల గుంపు. సాయంత్రం జింకలు వచ్చి మా చిక్కుడు తీగ మేసిపోతాయి. వాటి ఒంటిని పట్టుకుని తిరిగే పిడుదు ఒకటి ఉంది, పేరు లోన్ స్టార్. ఆడదాని వీపు మీద తెల్లటి చుక్క ఉంటుంది. నిరుడు జూన్‌లో పాదులో కలుపు తీసి వచ్చాక నా మోకాలి వెనక అదే కనబడింది, నువ్వుగింజంత. పీకి పారేశాను. కొన్నాళ్లు దురద పెట్టింది, తర్వాత మరిచిపోయాను.

ఆగస్టులో స్నేహితుల ఇంట్లో ఏడున్నరకు మటన్ బిర్యానీ తిన్నాను. పదకొండున్నరకు అరచేతుల్లో దురద మొదలైంది. పావుగంటలో మెడ మీద, పొట్ట మీద రూపాయి బిళ్లలంత దద్దుర్లు. కడుపు మెలిపెట్టింది, గొంతు బిగుసుకుంది. మావారు అంబులెన్స్‌ను పిలిచారు. ఆసుపత్రిలో అడిగింది ఒకటే: ఈ గంటలో ఏం తిన్నారు? ఏమీ తినలేదన్నాను. అది నిజమే. కారణం తేలకుండానే ఇంటికి పంపారు. ఇంకో రెండుసార్లు అలాగే అయ్యాక అలర్జీ డాక్టరమ్మ, తిన్నదే కాదు, తిన్న సమయం కూడా రాయమన్నారు. ఆ కాగితం చూసే ఆవిడకు అనుమానం వచ్చింది, రక్తపరీక్ష ఖాయం చేసింది.

దీన్ని ఆల్ఫా-గాల్ సిండ్రోమ్ అంటారు. ఆల్ఫా-గాల్ ఒక రకం చక్కెర. మన ఒంట్లో లేదు. మేక, గొర్రె, జింక, ఆవు, పంది, అన్నిటిలోనూ ఉంది. కోడిలో, చేపలో లేదు. పిడుదు కుట్టినప్పుడు ఆ చక్కెర దాని లాలాజలంతో మన చర్మంలోకి చేరుతుంది, ఒళ్లు దానిమీద పగబడుతుంది. రొయ్య పడనివాళ్లకు సాధారణంగా కాసేపట్లోనే తెలిసిపోతుంది. దీనికి రెండు నుంచి ఆరు గంటలు పడుతుంది. మనిషి నిద్రలో ఉండగా వస్తుంది. నన్ను భయపెట్టేది అదే.

దీని గుట్టు విప్పినవాళ్లలో ముఖ్యుడు వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ ప్లాట్స్-మిల్స్. 2007లో కొండల్లో నడకకు వెళ్లి పిడుదులు కుట్టించుకున్న ఆయనకే, కొన్ని నెలల తర్వాత గొర్రెమాంసం తిన్న రాత్రి దద్దుర్లు లేచాయి. 2010 నుంచి 2022 వరకు అమెరికాలో 1,10,000కు పైగా అనుమానిత కేసులు తేలాయని అక్కడి ప్రభుత్వ సంస్థ సీడీసీ 2023లో చెప్పింది. సర్వే చేసిన వైద్య సిబ్బందిలో 42 శాతం మంది దీని పేరే వినలేదట. అందుకే మాంసం తిన్న కొన్ని గంటలకు ఒంటిమీద దద్దుర్లు లేస్తే, దయచేసి గడియారం చూసి రాసుకోండి.

ఇక ఇక్కడి సంగతి. దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల జాతర రెండేళ్లకోసారి వస్తుంది. మాది గొర్రెల ఇల్లు. గట్టు మీద పొట్టేలును ఇచ్చి వచ్చాక నేను కూర వద్దంటే అత్తమ్మ ముఖం చిన్నబోయింది. "అమెరికా వెళ్లాక మన కూర పడకుండా పోయిందా?" అంది. ఆ మాటకు నాకు కళ్లనీళ్లు వచ్చాయి. బోటి, తలకాయ కూర తింటూ పెరిగినదాన్ని నేను.

నాయనమ్మ మాత్రం ఒకటే అడిగింది.

"గోమారి కుట్టిందా?"

పిడుదును ఆమె గోమారి అంటుంది. అవునన్నాను. ఎనభై ఏళ్ల మనిషి, గొర్రెల చెవుల్లోంచి ఎన్ని గోమార్లను తీసిందో లెక్కే లేదు. నా మోకాలి వెనక మచ్చను బొటనవేలితో తడిమి చూసింది. "గోమారి విషం చిన్నది కాదు" అని లేచి, కొత్త కుండ దించి, నాటుకోడి కూర వేరే పొయ్యి మీద తానే వండింది. వేరే గరిటె పెట్టి, ఎవరూ ముట్టకుండా పక్కనే కూర్చుంది. మటన్ గరిటె ఒక్కసారి ఆ కూరలో పడినా నాకు ప్రమాదమని ఆమెకు రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది.

మాత్రల విషయంలోనూ జాగ్రత్త పడుతున్నాను. చాలా క్యాప్సూళ్ల పైతొడుగు జెలటిన్, అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్‌ను పంది పేగుల నుంచి తీస్తారు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందే చెబుతాను. పాలు, పెరుగు కూడా కొందరికి పడవు, నాకు పడుతున్నాయి. అలర్జీ ముదిరితే వెంటనే పొడుచుకోవాల్సిన ఎపినెఫ్రిన్ సూది ఇప్పుడూ నా ఒళ్లోనే ఉంది. మళ్లీ పిడుదు కుట్టకుండా ఉంటే కొందరికి ఏళ్ల మీద ఇది తగ్గుతుందట. అందుకే పాదులోకి వెళ్తే ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపుకుంటున్నాను.

రెండు కావస్తోంది. గట్టు వైపు నుంచి డప్పులు ఇంకా వినబడుతున్నాయి. ఫోను వెలుతురులో అరచేతులు చూసుకున్నాను, మామూలుగానే ఉన్నాయి. కింద నాయనమ్మ మేలుకునే ఉన్నట్టుంది, "దురద వచ్చిందా బిడ్డా?" అని అడుగుతోంది.

రాలేదు నాయనమ్మా. వస్తున్నాను.