చందా రూపాయి ఎటు పోతుంది?

శ్రోతలకు నమస్కారం.

నేను బ్యాంకులో గుమాస్తాగా చేరిన కొత్తలో ఒక వేతన ఒప్పందం కుదిరింది. ఎరియర్స్ ఒకేసారి చేతికొస్తాయని అందరం లెక్కలు వేసుకుంటున్నాం. ఎవరో ఫ్రిజ్ అన్నారు, ఎవరో చెల్లెలి పెళ్లి అప్పు అన్నారు. అంతలో నోటీసు బోర్డు మీద యూనియన్ సర్క్యులర్ వెలిసింది. ఎరియర్స్‌లో ఇంత శాతం లెవీ కింద, అంటే సంఘానికి ప్రత్యేక చందాగా, పట్టుకుంటారు, ఇష్టం లేనివాళ్లు ఫలానా తేదీలోగా రాసివ్వాలి అని. మా బ్రాంచి మొత్తం మీద రాసిచ్చినవాడు ఒక్కడే. తెల్లకాగితం మీద రెండు లైన్లు, కింద సంతకం. డబ్బుకు కక్కుర్తిపడే మనిషి కాడు. "ఆ డబ్బుతో ఏ రంగు జెండాలు కుట్టిస్తారో నాకు తెలుసు" అనేవాడు. ఆ తర్వాత చాలా రోజులు టీ వేళ ఆయన బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు. నేనూ కూర్చోలేదు.

అలాంటి కాగితమే ఒకటి అమెరికాలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మార్క్ జానస్ అని ఇల్లినాయ్ రాష్ట్ర ప్రభుత్వోద్యోగి. పిల్లల పోషణ ఖర్చు తల్లిదండ్రుల నుంచి అందేలా చూసే విభాగంలో పని. ఆయన సంఘంలో సభ్యుడు కాడు. అయినా నెల నెలా జీతంలో సుమారు 45 డాలర్లు సంఘానికి పోయేవి. అక్కడి పద్ధతి అది. ఒక కార్యాలయంలో ఒక సంఘం గెలిచిందంటే, సభ్యులైనా కాకపోయినా అందరి తరఫునా అదే బేరమాడాలి. ఫలం అందరికీ దక్కుతుంది కాబట్టి ఖర్చూ అందరూ పంచుకోవాలన్నారు. అందరూ అందలమెక్కితే మోసేవారెవరు అన్నది మన సామెతే కదా, అక్కడి సంఘాల వాదన కూడా అచ్చంగా అదే.

డెట్రాయిట్ ఉపాధ్యాయుల కేసులో 1977లోనే సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. జీతభత్యాల బేరానికైన ఖర్చు సభ్యులు కానివాళ్ల నుంచీ వసూలు చేయొచ్చు, రాజకీయాలకు మాత్రం ఒక్క సెంటు కూడా వాళ్ల దగ్గర తీసుకోకూడదు. ఆ గీత 41 ఏళ్లు నిలబడింది. 2018 జూన్ 27న, జానస్ కేసులో, అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరోవైపు నిలవగా ఆ గీత చెరిగిపోయింది. ప్రభుత్వోద్యోగి జీతం అంటే బడ్జెట్, పింఛను అంటే రేపటి పన్ను, ఇందులో రాజకీయం కానిదేది? కాబట్టి బేరం ఖర్చు పేరుతో తీసుకున్నా అది ఇష్టంలేని మాట బలవంతంగా పలికించినట్టే, భావప్రకటనా స్వేచ్ఛకు విరుద్ధం అన్నారు. ప్రైవేటు కంపెనీలకు ఈ తీర్పు తగలదు. అక్కడ 1947 నాటి టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం నిర్ణయాన్ని రాష్ట్రాలకు వదిలేసింది. ఆ అవకాశంతో 26 రాష్ట్రాలు తప్పనిసరి వసూలును నిషేధించాయి. మిషిగన్ కూడా నిషేధించి, 2023లో తన చట్టాన్ని తానే రద్దు చేసుకుంది.

గీత నిలబడదన్నంతవరకు కోర్టు మాట నాకు సబబుగానే తోస్తుంది. కరువు భత్యం అడగడం ఎక్కడ ఆగుతుంది, ప్రభుత్వ విధానం ఎక్కడ మొదలవుతుంది అంటే నలభై ఏళ్ల ఉద్యోగంలో నాకైతే తెలిసి రాలేదు. కానీ తీర్పు సగంలోనే ఆగింది. చందా కట్టక్కర్లేదని ఉద్యోగిని విడిచిపెట్టారు, కట్టనివాడి తరఫున మాట్లాడే బాధ్యత నుంచి సంఘాన్ని మాత్రం విడిచిపెట్టలేదు. ఇది నాకు మింగుడుపడదు.

ఈ తగువు పుట్టిల్లు అమెరికా కాదు, ఇంగ్లండు. వాల్టర్ ఆస్బోర్న్ అని ఒక రైల్వే పోర్టర్. తన సంఘం చందాడబ్బు లేబర్ పార్టీకి ఇవ్వడం చెల్లదని కోర్టుకెక్కి, 1909లో, అప్పట్లో అక్కడి ఆఖరి కోర్టు అయిన ప్రభువుల సభ దాకా పోరాడి గెలిచాడు. ఆ దెబ్బకు 1913లో చట్టం మార్చారు. రాజకీయ ఖర్చుకు వేరే నిధి పెట్టుకోండి, వద్దనేవాడు రాసిచ్చి తప్పుకోవచ్చు అన్నారు. 1926 సార్వత్రిక సమ్మె తర్వాత దాన్ని తిరగేశారు. కావాలనేవాడే రాసివ్వాలి అన్నారు. 1946లో లేబర్ ప్రభుత్వం మళ్లీ మొదటికి తెచ్చింది. "వద్దంటే రాయి", "కావాలంటే రాయి" అన్న రెండు మాటల మధ్య ఒక దేశం ఇన్నేళ్లు కొట్టుకుందంటే చిత్రంగా ఉంటుంది. బద్ధకం విలువ తెలిసినవాళ్లకు ఉండదు. మా బ్రాంచిలో రాసివ్వనివాళ్లంతా లెవీని మనస్ఫూర్తిగా ఒప్పుకున్నవాళ్లని నేను ప్రమాణం చేయలేను.

ఆ 1913 ఏర్పాటే ఓడెక్కి మన దగ్గరికొచ్చింది. ఆంధ్ర జిల్లాలు ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజులవి. పెరంబూరు బకింగ్‌హామ్ మిల్లు యాజమాన్యం మద్రాసు లేబర్ యూనియన్ నాయకుడు బి.పి. వాడియా మీద కోర్టుకెళ్లింది. సంఘం పెట్టినందుకే నాయకుడు నష్టపరిహారం కట్టే పరిస్థితి వస్తే ఇక ఎవరు ముందుకొస్తారు? 1921లో కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో రక్షణ చట్టం కావాలని అడిగారు. 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. మన వి.వి. గిరి దేశవ్యాప్త కార్మిక సంఘాల సమాఖ్య ఏఐటీయూసీకి అధ్యక్షుడైందీ ఆ ఏడే. ఆ చట్టంలో 16వ సెక్షన్ చూడండి. రాజకీయ ఖర్చుకు వేరే నిధి ఉండాలి, దానికి ఇవ్వమని ఎవరినీ బలవంతపెట్టకూడదు, ఇవ్వలేదని సంఘం ప్రయోజనాలు ఆపకూడదు. ఇప్పుడా చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చినా ప్రత్యేక నిధి పద్ధతి అలాగే ఉంది.

కాగితం మీద ఇంతకన్నా ఏం కావాలి? మరి మన సంఘాలు రాజకీయాలకు దూరంగా ఉన్నాయా? ఏఐటీయూసీ అనగానే సీపీఐ, సీఐటీయూ అనగానే సీపీఎం, ఐఎన్‌టీయూసీ అంటే కాంగ్రెస్ అని చిన్నపిల్లాడైనా చెబుతాడు. సింగరేణిలో 1998 నుంచి గుర్తింపు సంఘానికి రహస్య ఓటింగ్ జరుగుతోంది. 2012, 2017ల్లో టీఆర్ఎస్ అనుబంధ టీబీజీకేఎస్ గెలిచింది, 2023 డిసెంబరులో ఏఐటీయూసీ గెలిచింది. ప్రచారమప్పుడు గని గేటు దగ్గర నిలబడితే బొగ్గు గని ఎన్నికో అసెంబ్లీ ఎన్నికో పోల్చుకోవడం కష్టం. మంత్రులు, ఎమ్మెల్యేలు గేట్ మీటింగులకే దిగుతారు.

కారణం నాకు తెలిసి చందాలోనే ఉంది. మన చట్టంలో సంఘటిత కార్మికుడి కనీస చందా ఏడాదికి 12 రూపాయలుగా ఉండేది, గ్రామీణ కార్మికుడికి ఒక్క రూపాయి. ఏడాదికి పన్నెండు రూపాయలతో లాయరు ఫీజు, ఆఫీసు అద్దె, సమ్మె రోజుల్లో బియ్యం ఎలా వస్తాయి? సొంత గూడు లేనివాడు పార్టీ ఆఫీసులో బల్ల వేసుకుంటాడు. అమెరికాలో సంఘాలు పార్టీని మోస్తున్నాయని గొడవ, ఇక్కడ పార్టీలే సంఘాలను మోస్తున్నాయి. చందా తగ్గిస్తే రాజకీయం తగ్గుతుందనుకునేవాళ్లు ఒక్కసారి మన గని గేటు దాకా వచ్చి చూడాలి.

ఇంకొక మాట. కార్మికుడి రూపాయికి ఇన్ని కోర్టులు, ఇన్ని సెక్షన్లు. అదే కంపెనీ పార్టీకి విరాళమిస్తే వాటాదారుడిని "నీ వంతు వద్దంటావా?" అని అడిగే కాగితం ఎక్కడా లేదు. కంపెనీ విరాళాలకు లాభంలో ఏడున్నర శాతం అన్న పరిమితినైనా 2017లో ఎత్తేశారు. 2024 ఫిబ్రవరిలో ఎన్నికల బాండ్ల తీర్పుతో సుప్రీంకోర్టు ఆ ఎత్తివేతను కొట్టేసేదాకా అంతే.

మా బ్రాంచి మనిషి సంగతి చెప్పి ముగిస్తాను. కొన్నేళ్లకు నగదు తేడా వచ్చి ఆయనకు చార్జిషీటు ఇచ్చారు. విచారణలో పక్కన కూర్చుని వాదించడానికి యూనియన్ సెక్రటరీయే వెళ్లాడు. వెళ్లేముందు సభ్యత్వ ఫారం తెచ్చి ఆయన ముందు పెట్టాడు. ఆయన మాట్లాడకుండా సంతకం చేశాడు. కేసు తేలిపోయింది, ఇంక్రిమెంటు కూడా పోలేదు. ఆ తర్వాత మళ్లీ ఒప్పందం కుదిరింది, మళ్లీ ఎరియర్స్, మళ్లీ సర్క్యులర్. గడువు చివరి రోజు సాయంత్రం ఆయన తెల్లకాగితం తీసుకుని సెక్రటరీ బల్ల దగ్గరికి నడిచాడు. ఈసారీ రెండే లైన్లు.

సెలవు.