నమ్మకం కుదరకముందే ఇచ్చిన డబ్బు

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఉన్నాయి.

నన్ను విరాళాల గురించి మాట్లాడమన్నారు. నేను ల్యాబ్‌లో టి కణాలతో పనిచేస్తాను. అంటే మన రక్తంలో తిరుగుతూ, మనది ఏది, మనది కానిది ఏది అని తడిమి చూసే తెల్ల రక్తకణాలతో. డబ్బు మాట ఎత్తేముందు నేను అక్కడ చూసేది ఒకటి మీకు చెప్పాలి, ఎందుకంటే అడిగేదంతా దానికోసమే.

మైక్రోస్కోపు కింద ఒక చిన్న పళ్లెం పెడతాం. అందులో క్యాన్సర్ కణాలు పెద్దగా, పళ్లెం అడుగుకి అతుక్కుని పరుచుకుని ఉంటాయి. వాటి మధ్య టి కణాలు, చిన్నవి, ఒక్క క్షణం కుదురుగా ఉండవు, పాకుతూనే ఉంటాయి. ఒకటి వెళ్లి క్యాన్సర్ కణాన్ని తాకుతుంది, కాసేపు తడుముతుంది, వదిలేసి తన దారిన పోతుంది. తర్వాత ఇంకోటి వస్తుంది, అదే కణాన్ని తాకుతుంది, ఈసారి వదలదు. గట్టిగా కరుచుకుంటుంది. కొద్దిసేపటికి ఆ పెద్ద కణం ఒళ్లంతా బుడగలు లేచి, ముడుచుకుపోయి, చచ్చిపోతుంది. టి కణం దాన్ని వదిలేసి పక్కదాని దగ్గరికి వెళ్తుంది. నేను ఇది మొదటిసారి చూసిన రోజు ఇంటికి వెళ్లాలనే ధ్యాసే లేకుండా తెల్లారేదాకా అక్కడే కూర్చున్నాను.

రెండోది చంపింది సరే, మొదటిది ఎందుకు వదిలేసింది? నా పని మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే. నా ఒక్కడిదే కాదు, నూరేళ్లకు పైగా కొన్ని వేలమంది పని. ఆ నూరేళ్లలో చాలా భాగం ఈ ప్రశ్న అడగడమే దండగ అన్నారు పెద్దపెద్దవాళ్లు. అలాంటి రోజుల్లో దీన్ని చచ్చిపోకుండా కాపాడింది ఎవరు అన్నదే ఈరోజు నేను చెప్పాలనుకున్నది.

1890లో న్యూయార్క్‌లో విలియం కోలీ అనే కుర్ర సర్జన్ దగ్గరికి 17 ఏళ్ల అమ్మాయి చేతి నొప్పితో వచ్చింది. ఎముక క్యాన్సర్. చెయ్యి తీసేశారు, అయినా ఒళ్లంతా పాకింది, 1891 జనవరిలో చనిపోయింది. కోలీ ఆ చావుని మర్చిపోలేకపోయాడు. ఆసుపత్రి పాత రికార్డులన్నీ తిరగేస్తుంటే ఒక వింత కేసు కంటపడింది. మెడ మీద మళ్లీ మళ్లీ వచ్చే గడ్డ ఉన్న ఒకాయనకి ఎరిసిపెలాస్ పట్టుకుంది, అంటే చర్మం ఎర్రగా వాచిపోయి తీవ్రమైన జ్వరం తెచ్చే ఇన్ఫెక్షన్. జ్వరం తగ్గింది, దానితోపాటు గడ్డా పోయింది. కోలీ ఆ మనిషి కోసం పేదల అద్దె ఇళ్లున్న వాడలన్నీ కాళ్లరిగేలా తిరిగాడు. దొరికాడు. ఏళ్లు గడిచినా బతికే ఉన్నాడు, గడ్డ తిరిగి రాలేదు.

అప్పుడు కోలీ క్యాన్సర్ రోగులకు కావాలనే బ్యాక్టీరియా ఎక్కించడం మొదలుపెట్టాడు, తర్వాత చంపిన బ్యాక్టీరియాతో ఒక మిశ్రమం చేశాడు. కొందరికి గడ్డలు కరిగిపోయాయి. కొందరు మొదట్లో ఆ ఇన్ఫెక్షన్‌తోనే చనిపోయారు, అది దాచకూడదు. ఎందుకు పనిచేస్తుందో ఆయనకీ తెలియదు, ఎవరికీ తెలియదు. ఈలోగా రేడియేషన్ వచ్చింది, డాక్టర్లు అటు తిరిగిపోయారు. 1936లో కోలీ చనిపోయాడు. ఆ పద్ధతి కూడా ఆయనతోపాటే పోయినట్టే అనుకున్నారు.

పోకుండా ఆపింది ఆయన కూతురు హెలెన్ కోలీ నాట్స్. ఆవిడ డాక్టరూ కాదు, సైంటిస్టూ కాదు, కాలేజీ డిగ్రీ కూడా లేదు. నాన్న జీవిత చరిత్ర రాద్దామని ఆయన కాగితాలు ముందేసుకుని కూర్చుంది. ఉత్తరాలు, కేసు షీట్లు, రోగుల వివరాలు. ఒక్కొక్కటీ చదివి, విడదీసి, వందల కేసులు వరసపెట్టింది. పెద్ద పెద్ద డాక్టర్ల దగ్గరికి తీసుకెళితే చెవిన వేసుకోలేదు. 1953లో 2,000 డాలర్ల విరాళంతో క్యాన్సర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టింది. ఆ డబ్బు ఇచ్చింది అమెరికాలో పేరున్న సంపన్న కుటుంబానికి చెందిన నెల్సన్ రాక్‌ఫెల్లర్. ఆయన తండ్రి ఎవరో తెలుసా? 1891లో చనిపోయిన ఆ 17 ఏళ్ల అమ్మాయికి తోబుట్టువులాంటి స్నేహితుడు. ఆ అమ్మాయి పోయిన 62 ఏళ్లకు ఆ ఇంటి నుంచే ఈ డబ్బు వచ్చింది.

1965లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ కోలీ మిశ్రమాన్ని ‘రుజువు కాని చికిత్సలు’ అనే జాబితాలో పెట్టింది. ఆ పరిస్థితుల్లో ఇమ్యూనిటీకీ క్యాన్సర్‌కీ సంబంధం ఉందని ఒక కుర్ర సైంటిస్టు గ్రాంటుకి రాస్తే ఎవరిస్తారు? హెలెన్ సంస్థ ఇచ్చింది. దాని శాస్త్ర విభాగాన్ని 1971 నుంచి దాదాపు నలభై ఏళ్లు లాయిడ్ ఓల్డ్ అనే ఆయన నడిపించాడు. క్షయ రాకుండా పిల్లలకు వేసే బి.సి.జి. టీకా ఉంది చూడండి, అది ఎక్కించిన ఎలుకలు కణితిని బాగా తట్టుకుంటున్నాయని ఆయన బృందం 1959లోనే చూపించింది. ఈరోజు మూత్రాశయం లోపలి పొరకే పరిమితమైన క్యాన్సర్‌కు, ప్రమాదం ఎక్కువున్నవాళ్లకు, ఆ బి.సి.జి.నే మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. మీలో ఎవరింట్లోనైనా ఆ చికిత్స జరిగి ఉండొచ్చు.

ఇక ఆ మొదటి టి కణం సంగతి. టి కణానికి బ్రేకులుంటాయి. ఉండాలి కూడా, లేకపోతే మన ఒంటినే మన సైన్యం తినేస్తుంది. అమెరికాలో జేమ్స్ ఆలిసన్ అనే సైంటిస్టు సి.టి.ఎల్.ఎ.-4 అనే బ్రేకుని యాంటీబాడీతో మూసేస్తే ఎలుకల్లో కణితులు మాయమవుతాయని 1996లో చూపించాడు. జపాన్‌లో తసుకు హోంజో బృందం 1992లోనే పి.డి.-1 అనే ఇంకో అణువుని కనిపెట్టింది, అది కూడా బ్రేకేనని తర్వాత తేలింది. చాలా క్యాన్సర్లు చేసే మోసం ఏంటంటే, టి కణం వచ్చి తడమగానే ఆ బ్రేకు మీద కాలేసి తొక్కుతాయి. మందు కంపెనీలు ఏళ్ల తరబడి ఆలిసన్ మాట నమ్మలేదు. మొదటి మందు 2011లో వచ్చింది. ఇద్దరికీ 2018లో నోబెల్ ఇచ్చారు, హోంజో తన వంతు డబ్బుని కుర్ర సైంటిస్టుల కోసం క్యోటో యూనివర్సిటీకే ఇస్తానన్నారు.

ముదిరిపోయిన మెలనోమా, అంటే ఒక రకం చర్మ క్యాన్సర్, ఒకప్పుడు అది ఒళ్లంతా పాకిందంటే ఎక్కువమంది ఏడాది దాటేవాళ్లు కాదు. ఈ రెండు బ్రేకుల మందులూ కలిపి ఇచ్చిన ఒక పెద్ద ట్రయల్‌లో నూటికి 43 మంది పదేళ్ల తర్వాత కూడా ఉన్నారు. ఈ అంకె ఎన్నిసార్లు చెప్పినా నా గొంతు మారిపోతుంది, ఏమనుకోకండి. మిగిలిన 57 మంది కూడా నాకు అంతే గుర్తుంటారు. పాంక్రియాస్ క్యాన్సర్ లాంటివాటిలో ఈ మందులు చాలామందికి పనిచేయనే చేయవు. బ్రేకు తీసేస్తే పేగులు, థైరాయిడ్, ఊపిరితిత్తులు దెబ్బతినొచ్చు. పని సగం కూడా కాలేదు.

ఇక్కడ ఒక మాట, విషయం కొంచెం పక్కకెళ్లినా చెప్పాలి. ‘ఇమ్యూనిటీ పెంచుతాం, క్యాన్సర్ పోతుంది’ అని పొడులు, కషాయాలు అమ్మేవాళ్లు నా పేషెంట్ల ఇళ్లకు కూడా వెళ్తున్నారు. ఇమ్యూనిటీ అంటే ట్యాంకులో నీళ్లలాగా మట్టం పెంచేది కాదండీ. క్యాన్సర్‌లో సమస్య గుర్తుపట్టడం దగ్గర, బ్రేకుల దగ్గర. టి కణాల్ని అదుపులో పెట్టడానికే మన ఒంట్లో వేరే టి కణాలున్నాయి, ఆ పరిశోధనకే 2025లో నోబెల్ వచ్చింది. దయచేసి ఆ పొడులకి డబ్బు తగలేయకండి, వాటికోసం చికిత్స మానేయడం అసలు వద్దు.

కార్ టి చికిత్స గురించి చాలామంది వినే ఉంటారు. రోగి రక్తంలోంచే టి కణాల్ని తీసి, వాటికి క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టే కొత్త కొక్కెం అమర్చి, పెంచి, తిరిగి ఎక్కిస్తారు. ఆ కొక్కెం తయారుచేయడం 1990ల మొదటికే తెలుసు, కానీ మనుషుల్లో పరీక్షించాలంటే బోలెడు డబ్బు కావాలి. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో దీనిమీద పనిచేస్తున్న కార్ల్ జూన్ అనే డాక్టరుకి ప్రభుత్వ గ్రాంటు దొరకలేదు. ఆదుకుంది బార్బరా, ఎడ్వర్డ్ నెట్టర్ దంపతులు 2001లో పెట్టిన చిన్న స్వచ్ఛంద సంస్థ. కోడలిని రొమ్ము క్యాన్సర్‌తో పోగొట్టుకున్నారు వాళ్లు. వాళ్లిచ్చింది సుమారు 10 లక్షల డాలర్లు. 2010లో ముగ్గురు రోగులకు చికిత్స చేసేసరికి డబ్బయిపోయింది. ముగ్గురంటే ముగ్గురే. కానీ అందులో ఇద్దరికి లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, ఆనవాలు లేకుండా పోయింది. 2011లో అది అచ్చయ్యాక కంపెనీలు వాటంతటవే వచ్చాయి. 2012లో ఎమిలీ వైట్‌హెడ్ అనే ఆరేళ్ల పాపకి ఇస్తే తీవ్రమైన జ్వరంతో చావు అంచుదాకా వెళ్లింది. కీళ్లవాతానికి వాడే ఒక మందు ఆ పాపని కాపాడింది. ఆ మందు గురించి జూన్‌కి తెలియడానికి కారణం, తన కూతురికి ఆ జబ్బు ఉండటం. 2017లో ఈ చికిత్సకి అనుమతి వచ్చింది.

ప్రాథమిక పరిశోధన ఖర్చులో పెద్ద భాగం ప్రభుత్వాలే పెడతాయి, మందు తయారయ్యే చివరి దశలో కంపెనీలు ఇంకా ఎక్కువ పెడతాయి, అది ఒప్పుకోవాలి. కానీ ప్రభుత్వ కమిటీ ముందు ఆధారం చూపించమంటుంది, కంపెనీ ముందు లాభం చూపించమంటుంది. ఆ ఆధారం పుట్టడానికి కావలసిన తొలి డబ్బు ఎవరో ఒకరు నమ్మకం కుదరకముందే ఇవ్వాలి. మీలాంటివాళ్ల డబ్బుకి అక్కడున్నంత విలువ ఇంకెక్కడా లేదని నా అభిప్రాయం.

ఇచ్చే తీరు గురించి కూడా ఒకటి అడుగుతాను. నేను ఇంతకుముందు పనిచేసిన ఒకచోట ఒక పెద్దమనిషి ఎంతో మంచి మనసుతో కణాల్ని వేరుచేసే ఖరీదైన యంత్రం కొనిచ్చారు. పేరు చెక్కిన పలక, రిబ్బను, ఫొటోలు, అన్నీ అయ్యాయి. దాన్ని నడిపే టెక్నీషియన్‌కి జీతం మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఏడాదిన్నర ఆ యంత్రం ప్లాస్టిక్ కవరు కప్పుకుని అలాగే ఉంది. నేను రోజూ దాని పక్కనుంచే నడిచేవాణ్ణి, కడుపు తరుక్కుపోయేది. అందుకని మీరు ఇచ్చేటప్పుడు మనిషికి ఇవ్వండి. జీతానికి, ఫ్రీజర్ కరెంటుకి, అనుకున్నది తప్పని తేలిన ప్రయోగానికి ఇవ్వండి. ఏడాదికోసారి ‘విజయం ఏది’ అని అడక్కండి, ‘ఏం తెలిసింది’ అని అడగండి. లెక్కలు మాత్రం తప్పకుండా అడగండి, చూపించని సంస్థకి ఇవ్వొద్దు.

కళ్లముందు మందుకి డబ్బుల్లేని పేషెంటు ఉంటే పరిశోధనకి ఎందుకివ్వాలి అని నన్ను చాలామంది అడిగారు. ఆ పేషెంటుకి ముందు ఇవ్వండి. నేను కూడా అదే చేస్తాను. కానీ మిగిలినదాంట్లోంచి కొంచెం, ఇంకా జబ్బు రానివాళ్ల కోసం పక్కన పెట్టండి. ఇప్పుడు ఆ పేషెంటుకి మీరు కొనిస్తున్న మందు వెనక కూడా వాళ్ల ముఖం ఎన్నడూ చూడని ఎవరిదో డబ్బుంది.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. మా ల్యాబ్‌లో ద్రవ నైట్రోజన్ డబ్బా ఉంది, మూత తీస్తే తెల్లగా పొగ కమ్ముకుంటుంది. లోపల చిటికెన వేలంత గొట్టాలు, మూతల మీద అంకెలు. పేర్లు ఉండవు. ఒక్కో గొట్టంలో ఒక్కో రోగి ఇచ్చిన రక్తంలోని కణాలు. వాటిలో ఒకటి ఇచ్చినావిడ రక్తం తీయించుకుంటూ ‘ఇది నాకు పనికొస్తుందా బాబూ’ అని అడిగారు. లేదమ్మా, మీకు కాదు, తర్వాత వచ్చేవాళ్లకు అన్నాను. ఇంకో చెయ్యి కూడా చాపి ‘అయితే ఇంకొంచెం తీసుకో’ అన్నారు. ఇప్పుడు ఆవిడ లేరు. ఆ గొట్టం కరిగించి ప్రయోగం చేయడానికి మనిషి లేక మూడేళ్లు అలాగే ఉంచాం. పోయిన నెల మీలో కొందరు ఇచ్చిన డబ్బుతో ఒక అమ్మాయిని పనిలోకి తీసుకున్నాం, అదిగో ఆ మూలన కూర్చుంది, చెయ్యెత్తమ్మా. రేపు పొద్దున ఆ గొట్టం బయటికి తీస్తున్నాం.