కంపచెట్టు, కమ్చట్కా ఎండ్రకాయ

శ్రోతలకు నమస్కారం. సముద్రం కంటికి కనబడని కడపలో కూర్చుని సముద్రపు ఎండ్రకాయల గురించి ప్రసంగమేమిటని మీకు అనిపించవచ్చు. అయితే, పరాయి దేశపు జీవి ఒకటి వచ్చి పాతుకుపోయి, ఒకవైపు నష్టం కలిగిస్తూ మరొకవైపు కొందరికి కూడు పెడుతుంటే దానిని ఏం చేయాలన్న చిక్కు మన జిల్లాకు కొత్తది కాదు. 1870ల చివర జమైకా నుంచి తెప్పించిన సర్కారు తుమ్మ విత్తనాలను మన దేశంలో తొలుత నాటిన చోట్లలో కడప జిల్లా ఒకటి. మనం కంపచెట్టని పిలిచే ఆ చెట్టు నేడు చెరువుల గర్భాలనూ కాలువ గట్లనూ ఆక్రమించింది; బొగ్గుల బట్టీలు పెట్టుకున్నవారికి జీవనాధారమూ అయింది. బట్టీకి కంప కొట్టేవారు మొదలు పెకలించరు. మొద్దు చిగురిస్తేనే కదా, కొన్నేళ్లకు వారికి మళ్ళీ పని దొరికేది!

ఇక సముద్రం సంగతి. 1960లలో సోవియట్ శాస్త్రవేత్తలు తమ దేశపు తూర్పు కొసనున్న కమ్చట్కా ప్రాంతపు ఎర్ర రాజు ఎండ్రకాయలను తెచ్చి, వేల మైళ్ల దూరాన ఉత్తరాన ఉన్న బేరెంట్స్ సముద్రంలో, మూర్మాన్‌స్క్ దగ్గర వదిలారు. కాళ్లు చాచితే మనిషి చేతులు బారచాపినంత పొడవుండే జీవి అది. అక్కడి జాలరులకు కొత్త ఆదాయం చూపాలన్నదే వారి ఉద్దేశం. ఎండ్రకాయకు సరిహద్దులు తెలియవు కనుక 1977 నాటికి అది నార్వే తీరంలోనూ కనబడింది. 1990లలో కాడ్ చేపల వలల్లో గుట్టలుగా చిక్కుకుని వలలు చింపుతూ, సముద్రపు అడుగున ఉండే గుల్లలనూ నక్షత్ర చేపలనూ పురుగులనూ తినివేస్తూ పెద్ద తలనొప్పిగా మారింది. తలనొప్పి అన్నవారే తరువాత దాని ధర చూశారు. నేడు అది ప్రాణంతోనే విమానమెక్కి దూరదేశాల భోజనశాలలకు చేరుతోంది.

ఇక్కడ నార్వే చేసిన పని నాకు నచ్చింది. 26 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని 2004 నుంచి గీతగా పెట్టుకున్నారు. గీతకు తూర్పున అది పంట వంటిది: ఏటా పరిశోధకుల అంచనాను బట్టి కోటా ఉంటుంది, అర్హత ఉన్న చిన్న పడవల వారికే వాటా దక్కుతుంది. గీతకు పడమర అది కలుపు: ఎవరైనా ఎంతైనా పట్టవచ్చు, పట్టినదాన్ని తిరిగి నీటిలో వదలడం మాత్రం నిషిద్ధం. ఇంతచేసినా పడమరన అది పూర్తిగా తుడిచిపెట్టుకుపోలేదు, పోతుందని నేనూ అనుకోను. ఎండ్రకాయలు పలచబడేకొద్దీ వాటి కోసం తిరిగే పడవకు డీజిల్ ఖర్చు కూడా రాదు, అక్కడ వేట ఆగిపోతుంది. మిగిలినవి మళ్ళీ పెరుగుతాయి. అందుకే సంత ఒక్కటే కలుపు తీయజాలదని నేననేది.

గీత గీసుకునే వ్యవధి కూడా దొరకని చోటు ఇటలీలోని పో నది ముఖద్వారం. అమెరికా తూర్పు తీరపు నీలి ఎండ్రకాయలు 2023లో అక్కడి గుల్లల పెంపకాన్ని తినివేశాయి. ఓడలు తూకం కోసం నింపుకునే నీటి వెంట ఇటువంటి జీవులు ఒక సముద్రం నుంచి మరొక సముద్రానికి చేరుతుంటాయి. పట్టి తినండి, రుచిగా ఉంటాయని ప్రచారం చేశారు. ప్రభుత్వం 29 లక్షల యూరోలు కేటాయించింది. రుచి మాట నిజమే కానీ, ఎండ్రకాయలు అమ్మిన డబ్బు పోయిన గుల్లల విలువకు సరితూగలేదు. ఇందులో ఒక విచిత్రమూ ఉంది: అక్కడ నష్టపోయిన గుల్ల కూడా ఆ నీటి బిడ్డ కాదు, 1980లలో ఆసియా జాతిని తెచ్చి పెంచుకున్నదే. నలభై ఏళ్లు కూడు పెట్టాక దానిని పరాయిదనడానికి ఎవరికీ నోరు రావడం లేదు.

నార్వే పద్ధతిలో నాకు విలువైనదిగా తోచింది ఈ నోరు రాకపోవడాన్ని ముందే ఊహించడం. జీవనోపాధి ఏర్పడిన చోట దాన్ని ఒప్పుకున్నారు, ఇంకా ఏర్పడని చోట ఏర్పడకముందే తలుపు వేశారు. తూర్పున వలలో నిర్ణీత పరిమాణానికి చిన్నదైన ఎండ్రకాయ పడితే జాలరి దాన్ని జాగ్రత్తగా నీటిలోకి వదలాలి. అదే పరిమాణపు ఎండ్రకాయ గీతకు అవతల పడితే, వదలడమే నేరం.