పాత లింకు తెగకుండా బ్లాగు అడ్రస్‌లు మార్చడం ఎలా? (పాడ్‌కాస్ట్ ఎపిసోడ్ పాఠం)

హోస్ట్: నమస్కారం. ఇవాళ్టి ఎపిసోడ్ బ్లాగు రాసేవాళ్ల కోసం. "పోస్టు యూఆర్ఎల్‌లో, అంటే అడ్రస్‌లో, ఏడాది, నెల ఇవన్నీ ఎందుకు, తీసేస్తే పొట్టిగా బాగుంటుంది కదా" అని చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు అనిపిస్తుంది. వర్డ్‌ప్రెస్ లాంటి చోట సెట్టింగుల్లో అది ఒక్క క్లిక్కే. ఆ క్లిక్ తర్వాత పాత లింకులు ఏమవుతాయన్నదే అసలు సంగతి. వెబ్‌సైట్లను ఒక చోటు నుంచి ఇంకో చోటికి మార్చే పనిలో చాలాకాలంగా ఉన్న అతిథి మనతో ఉన్నారు. నేరుగా అడిగేస్తానండీ, అసలు మార్చాలా, వద్దా?

గెస్ట్: నమస్కారమండీ. గట్టి కారణం లేకపోతే మార్చొద్దంటాను. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే ఈ మాట రాశారు, మంచి అడ్రస్ అంటే మారని అడ్రస్ అని. తేదీ తీసేస్తే సెర్చ్‌లో పైకి వస్తామన్న ఆశతో మార్చేవాళ్లున్నారు. దాని కోసమైతే ఇంత శ్రమ అనవసరం.

హోస్ట్: మరి గట్టి కారణం అంటే ఏంటి?

గెస్ట్: అడ్రస్‌లో కేటగిరీ పేరు ఉండటం ఒకటి. పోస్టును ఒక కేటగిరీ నుంచి ఇంకోదానికి మార్చిన ప్రతిసారీ అడ్రస్ మారిపోతుంది. అలాంటిది ఎంత త్వరగా వదిలించుకుంటే అంత మంచిది. రెండోది, ప్లాట్‌ఫారమ్ మారడం. బ్లాగర్ నుంచి వర్డ్‌ప్రెస్‌కి వెళ్లేవాళ్ల సంగతి అదే. బ్లాగర్‌లో ఏడాది, నెల, పేరు, చివర డాట్ హెచ్‌టీఎంఎల్. ఆ వరస మార్చడం మన చేతిలో లేదు.

హోస్ట్: అలా వెళ్లేటప్పుడు తేదీని, హెచ్‌టీఎంఎల్‌నీ తీసేసి మిగతా పేరుకి పంపమని ఒక్క రూల్ రాస్తే సరిపోదా?

గెస్ట్: ఇంగ్లిష్ బ్లాగుకైతే చాలావరకు సరిపోతుంది. తెలుగు బ్లాగుకి సరిపోదు. తెలుగులో శీర్షిక పెడితే బ్లాగర్ ఆ పేరును అడ్రస్‌లోకి తీసుకోదు, బ్లాగ్-పోస్ట్ డాట్ హెచ్‌టీఎంఎల్ అని పెట్టేస్తుంది. అదే నెలలో ఇంకో పోస్టు రాస్తే బ్లాగ్-పోస్ట్, అండర్‌స్కోర్, పక్కన ఓ అంకె. మార్చిలో ఒక బ్లాగ్-పోస్ట్, ఏప్రిల్‌లో ఇంకో బ్లాగ్-పోస్ట్. తేదీ తీసేశారంటే అన్నీ ఒకే పేరు మీదకి వచ్చి పడతాయి.

హోస్ట్: అయ్యో. అంటే తేదీ ఒక్కటే వాటిని విడదీస్తోందన్నమాట.

గెస్ట్: అంతే. అందుకే అక్కడ ఒక్కో పోస్టుకీ పాతది ఇదీ, కొత్తది ఇదీ అని పట్టిక రాసుకోవాల్సిందే. వర్డ్‌ప్రెస్‌కున్న బ్లాగర్ ఇంపోర్టర్‌తో తెచ్చుకుంటే పోస్టుతో పాటు పాత అడ్రస్ కూడా డేటాబేస్‌లో బ్లాగర్, అండర్‌స్కోర్, పర్మలింక్ అనే పేరుతో భద్రంగా ఉంటుంది. పట్టిక అక్కణ్నుంచే తయారుచేసుకోవచ్చు. చేత్తో వెతుక్కోనక్కర్లేదు.

హోస్ట్: వర్డ్‌ప్రెస్ తెలుగు పేరును తీసుకుంటుంది కదా, అక్కడ ఏ ఇబ్బందీ లేదా?

గెస్ట్: తీసుకుంటుంది గానీ, లోపల ఎలా దాస్తుందో చూడాలి. కంప్యూటర్లు అక్షరాల్ని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగులోని ప్రతి గుర్తుకీ 3 బైట్లు. అడ్రస్‌లో ఒక్కో బైటూ పర్సెంట్ గుర్తు, రెండు అక్షరాలుగా మారుతుంది. అంటే ఒక్క గుర్తుకి 9 అక్షరాలు. "తెలుగు" అన్న మాటే చూడండి. మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు, మొత్తం 6. అడ్రస్‌లో అది 54 అక్షరాలు. వర్డ్‌ప్రెస్ పోస్టు పేరుకి ఇచ్చే చోటు 200. అంటే 22 గుర్తులు దాటగానే మీ శీర్షిక మధ్యలో తెగిపోతుంది.

హోస్ట్: అందుకేనా వాట్సాప్‌లో తెలుగు పోస్టు లింకు పంపితే అంత పొడవుగా కనిపించేది!

గెస్ట్: అవునండీ. దాంతో విసిగి ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చుకునేవాళ్లున్నారు. అది సరైన కారణమే. కాకపోతే పట్టిక రాసేటప్పుడు ఒక జాగ్రత్త. వర్డ్‌ప్రెస్ ఆ పర్సెంట్ కోడ్‌ను చిన్న అక్షరాల్లో దాస్తుంది. అదే అడ్రస్‌ను తెలుగులో టైప్ చేస్తే బ్రౌజర్ దాన్ని పెద్ద అక్షరాల కోడ్‌లోకి మారుస్తుంది. ప్రమాణం ప్రకారం రెండూ ఒకటే, కానీ పాత లింకుల్ని కొత్తవాటికి పంపడానికి వర్డ్‌ప్రెస్‌కి జోడించుకునే ప్లగిన్ మామూలు టెక్స్ట్‌లా పోల్చి చూసిందంటే పాత లింకు కళ్లెదుటే ఉన్నా దొరకదంటుంది. అపాచీ, ఎన్‌జిన్ఎక్స్ లాంటి సర్వర్లు కోడ్ విప్పి చూస్తాయి కాబట్టి రూల్స్ అక్కడ రాస్తే ఈ తలనొప్పి తక్కువ.

హోస్ట్: అసలు పాత అడ్రస్‌లన్నీ మనకు తెలుస్తాయా? ఎక్కడెక్కడో ఉంటాయిగా.

గెస్ట్: సైట్‌మ్యాప్, అంటే సెర్చ్ ఇంజిన్ల కోసం సైట్ ఇచ్చే అడ్రస్‌ల జాబితా, ఒక్కటే చూసి అంతే అనుకోవద్దు. సర్వర్ లాగ్‌లో జనం నిజంగా ఏ అడ్రస్ అడుగుతున్నారో ఉంటుంది. బయటివాళ్లు ఇచ్చిన లింకులు గూగుల్ వాళ్ల సెర్చ్ కన్సోల్ అనే సాధనంలో కనిపిస్తాయి. పోస్టులే కాదు, ట్యాగ్ పేజీలు, నెలవారీ పేజీలు, ఫొటోలు, చందాదారులకు కొత్త పోస్టులు చేరవేసే ఫీడ్ కూడా జాబితాలోకి రావాలి. పేరు బదులు పోస్టు నంబరుతో ఉండే, ప్రశ్నార్థకం, పి ఈక్వల్స్ 123 లాంటి పొట్టి లింకుల్ని చాలామంది మర్చిపోతారు. అపాచీలో మామూలు రీడైరెక్ట్ రూల్, అంటే పాత అడ్రస్ అడిగితే కొత్తదానికి పంపే రూల్, ప్రశ్నార్థకం తర్వాతి భాగాన్ని చూడదు. దానికి వేరే షరతు రాయాలి.

హోస్ట్: వర్డ్‌ప్రెస్ తనంతట తానే పాత లింకుల్ని కొత్తవాటికి పంపుతుందని విన్నాను.

గెస్ట్: కొంతవరకు నిజం. ఒక పోస్టు పేరు మారిస్తే పాత పేరు గుర్తుపెట్టుకుంటుంది. కానీ అడ్రస్‌ల మొత్తం నిర్మాణమే మార్చినప్పుడు చాలా చోట్ల అది చేసేది ఊహ. ఆ పేరుతో మొదలయ్యే పోస్టు ఏదైనా ఉందా అని వెతికి అక్కడికి పంపుతుంది. ఒకే మాటతో మొదలయ్యే పోస్టులు రెండుంటే పాఠకుడు వేరే పోస్టుకి వెళ్లిపోవచ్చు. మన దగ్గర కచ్చితమైన పట్టిక ఉండగా ఊహ మీద ఎందుకు ఆధారపడాలి?

హోస్ట్: రీడైరెక్ట్‌కి సర్వర్ ఇచ్చే కోడ్‌ల్లో 301, 302 అంటుంటారు. రెంటికీ తేడా ఏంటి?

గెస్ట్: 301 అంటే శాశ్వతంగా మారింది, 302 అంటే ప్రస్తుతానికి మారింది. మనకు చివరికి కావాల్సింది 301. కానీ మొదటి రోజే పెట్టకండి. 301ని బ్రౌజర్లు గుర్తుపెట్టేసుకుంటాయి. రూల్‌లో తప్పుంటే మీరు సర్వర్‌లో సరిదిద్దినా ఆ పాఠకుడి బ్రౌజర్ అసలు సర్వర్‌ని అడగకుండానే తప్పు చోటుకి పోతుంటుంది. అందుకని ముందు 302తో పెట్టి, పట్టికలోని ప్రతి పాత అడ్రస్‌నీ కర్ల్ అనే కమాండ్ లైన్ ప్రోగ్రామ్‌తో అడిగి చూడండి. సర్వర్ జవాబులో లొకేషన్ అన్న చోట సరైన అడ్రస్ వచ్చిందా, ఆ అడ్రస్ 200, అంటే పేజీ ఉందన్న కోడ్, ఇచ్చిందా. అన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు 301 చేయండి.

ఇంకోటి, గొలుసులు. హెచ్‌టీటీపీ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కి ఒక గెంతు, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ తీయడానికి ఒకటి, పాత పేరు నుంచి కొత్త పేరుకి ఒకటి, చివరి స్లాష్‌కి మరొకటి. ఇదివరకే ఒకసారి నిర్మాణం మార్చి ఉంటే ఇంకొకటి. గూగుల్ కోసం పేజీలు చదివే ప్రోగ్రామ్ గూగుల్‌బాట్ 10 గెంతుల దాకా వెంట వస్తుంది గానీ, నెట్ నెమ్మదిగా ఉన్నవాళ్లకు ప్రతి గెంతూ నిరీక్షణే. మొట్టమొదటి అడ్రస్‌ని నేరుగా చివరి అడ్రస్‌కి పంపేలా పట్టిక సరిచేయండి.

హోస్ట్: గిట్‌హబ్ పేజెస్ లాంటి హోస్టింగ్ చోట సర్వర్ రూల్స్ రాయనివ్వరు కదా?

గెస్ట్: అక్కడ పాత అడ్రస్‌లో ఒక చిన్న పేజీ పెట్టి, దాంట్లో కొత్త అడ్రస్‌కి వెళ్లమనే సున్నా సెకన్ల రిఫ్రెష్ రాయడమే దారి. సైట్లు తయారుచేసే జెకిల్ అనే ప్రోగ్రామ్‌కి దీని కోసం ప్లగిన్ ఉంది, అలాంటిదే అయిన హ్యూగోలో ఏలియస్ అని రాస్తే చాలు. అలా వెంటనే జరిగే రిఫ్రెష్‌ని గూగుల్ శాశ్వత రీడైరెక్ట్‌గానే తీసుకుంటుంది.

హోస్ట్: పోస్టు మధ్యలో ఒక హెడింగ్‌కి ఇచ్చిన లింకులుంటాయి, హ్యాష్ గుర్తుతో. అవి పోతాయా?

గెస్ట్: పోవు. హ్యాష్ తర్వాతి భాగం అసలు సర్వర్‌కి చేరదు. బ్రౌజరే దాన్ని పట్టుకుని ఉండి కొత్త అడ్రస్‌కి తగిలిస్తుంది. హెడింగుల ఐడీలు మార్చకుండా ఉంటే చాలు. అలాగే ఫీడ్‌లో ప్రతి పోస్టుకీ జీయూఐడీ అని ఒక గుర్తింపు ఉంటుంది, దాన్ని ముట్టుకోవద్దు. అడ్రస్‌తో పాటు దాన్నీ మార్చారంటే ఫీడ్‌లో వచ్చే పాత పోస్టులన్నీ చందాదారులకు కొత్తవిగా మళ్లీ వెళ్తాయి.

హోస్ట్: తీసేసిన పోస్టులుంటాయి. వాటిని హోమ్‌పేజీకి పంపేయొచ్చా?

గెస్ట్: వద్దండీ. ఏదో వెతుక్కుంటూ వచ్చినవాళ్లకి హోమ్‌పేజీ కనిపిస్తే ఏమీ అర్థం కాదు. గూగుల్ కూడా దాన్ని 404, అంటే పేజీ దొరకలేదు, కిందే లెక్కేస్తుంది. లేనిదాన్ని లేదనే చెప్పాలి, తీసేశామని చెప్పే 410 కోడ్ ఇవ్వండి. అదే విషయం మీద ఇంకో పోస్టు ఉంటే మాత్రం దానికి పంపండి.

హోస్ట్: చివరిగా, ఈ రీడైరెక్ట్‌లు ఎంతకాలం ఉంచాలి?

గెస్ట్: కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెబుతుంది. అది సెర్చ్ ఇంజిన్ లెక్క. మీ పోస్టు లింకు ఎవరో పీడీఎఫ్‌లో పెట్టి ఉంటారు, ఎవరో బుక్‌మార్క్ చేసుకుని ఉంటారు. వాళ్లకి ఏడాది గడువు ఉందని తెలియదు కదా. నేనైతే ఎప్పటికీ తీయొద్దంటాను, వాటికయ్యే ఖర్చు కూడా ఏమీ ఉండదు. ఆ పట్టికను ప్లగిన్‌లోనో, సర్వర్ సెట్టింగుల్లోనో మాత్రమే ఉంచకండి. మామూలు టెక్స్ట్ ఫైల్‌గా బ్యాకప్‌లో పెట్టుకోండి. రేపు హోస్టింగ్ మారినప్పుడు పోస్టులన్నీ జాగ్రత్తగా వెళ్తాయి, వెనకాల ఉండిపోయేది ఆ పట్టికే.