దర్శకుడూ నేనే, కెమెరా కూడా నేనే

(దృశ్యం: కొత్తపట్నం తీరం, తెల్లవారుజాము. ఇసుకలో ట్రైపాడ్. వెనక ఒడ్డుకు లాగిన పడవలు.)

నమస్కారం. ఒంగోలు పక్కన కొత్తపట్నంలో ఉన్నాం. మన తీరంలో సూర్యుడు సముద్రం మీద పొడుస్తాడు, పొలాల వెనక కుంకుతాడు. కథలో ‘కడలిలో కుంకే సూర్యుడు’ అని రాసుకొచ్చే మిత్రులారా, ఆ షాట్ కావాలంటే గోవా రైలెక్కాలి!

పొద్దున కెమెరాను సముద్రం వైపు తిప్పితే మనిషి నల్లటి నీడలా కనిపిస్తాడు. ముఖం కావాలంటే వెలుగును దానిమీదికి తిప్పే పలక, రిఫ్లెక్టర్, పట్టాలి. మా రిఫ్లెక్టర్ ఒక థర్మాకోల్ షీటు, ఈ గాలికి అది గాలిపటం. సాయంత్రం అదే చోట సూర్యుడు మన వీపు వెనక ఉంటాడు. వెలుగంతా నటుడి ముఖం మీదే, వెనక సముద్రం, ఖర్చు సున్నా. అందుకే మాటలున్న సన్నివేశాలు సాయంత్రానికి, మాటల్లేనివి పొద్దుటికి పెట్టుకుంటాను.

(దృశ్యం: ఇంటి లోపల ట్యూబులైటు. తెరమీద చారలు పాకుతున్నాయి.)

ఈ చారలు చూశారా? మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 ఆవృత్తాలు, ఒక్కోదానికి రెండు మినుకులు. ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయం, సెకనులో 1/60 వంతు ఉంటే ఆ మినుకుతో పొత్తు కుదరదు. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టండి, చారలు పోతాయి.

(దృశ్యం: పెళ్లి పందిరి.)

మరి తిండికి? పెళ్లి వీడియోలే. చిన్నచూపు వద్దు. తాళి కట్టే క్షణానికి రెండో టేక్ ఉండదు. చేతికి అంతకన్నా మంచి శిక్షణ నాకెక్కడా దొరకలేదు.

దర్శకత్వం, ఛాయాగ్రహణం ఒక్కరే చేయడం కొత్త కాదు. బాలు మహేంద్ర 1977లో దర్శకుడిగా తన మొదటి సినిమా ‘కోకిల’కు రెండూ తానే చేశారు, ఛాయాగ్రహణానికి జాతీయ పురస్కారం కూడా అందుకున్నారు. అది చదివి నేనూ ధైర్యం చేశాను. ఇక నా సంగతి వినండి.

(దృశ్యం: వల బాగుచేస్తున్న చేతులు, దగ్గరగా.)

వల బాగుచేసుకునే ఒక పెద్దాయన చేత నాలుగు మాటలు చెప్పించాలి. నాలుగు టేకులు తీశాను. ఫోకస్ ఎక్కడా జారలేదు, ఫ్రేము గీత గీసినట్టుంది. ఇంటికెళ్లి ఎడిటింగ్‌లో చూస్తే, ప్రతి మాట చివరా ఆయన కళ్లెత్తి నావైపు చూస్తున్నాడు, బాగుందా అన్నట్టు. ఆ చూపు నాకోసమే. నేనేమో తెరలో ఫోకస్ చూసుకుంటున్నాను. కెమెరామన్ వేరే ఉంటే దర్శకుడు తలాడించి ఉండేవాడు.

మర్నాడు సాయంత్రం కెమెరాను ట్రైపాడ్ మీద బిగించి, వల మీద ఫోకస్ పెట్టి వదిలేశాను. ఆయన ఎదురుగా ఇసుకలో కూర్చున్నాను. “అయ్యా, మీ పని మీరు చేసుకోండి” అన్నాను. వలలో ఇరుక్కున్న పీతను విడదీస్తూ, తల ఎత్తకుండానే నాలుగు మాటలూ చెప్పేశాడు.

ఫ్రేము కొంచెం ఎడమకు ఒరిగింది. అలాగే ఉంచేశాను.

(దృశ్యం: ఆ షాట్, శబ్దంతో సహా.)