కోసే ముందు మాట ఎక్కడుందో చూడాలి

అందరికీ నమస్కారం.

2017లో గుంటూరులో, 2022లో హైదరాబాద్ గాంధీ ఆస్పత్రిలో రోగికి సినిమా చూపిస్తూ మెదడు ఆపరేషన్ చేశారన్న వార్తలు మీలో చాలామంది చదివే ఉంటారు. సినిమా సంగతి అందరికీ గుర్తుండిపోయింది. అసలు మనిషిని మెలకువగా ఎందుకు ఉంచారన్నది మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఇలాంటి ఆపరేషన్లలో రోగి ఎదురుగా కూర్చుని మాట్లాడించే స్పీచ్ థెరపిస్టుని నేను. అందుకే ఆ సంగతి చెప్పడానికి వచ్చాను.

మెదడులో వచ్చే గ్లయోమా అనే కణితికి గట్టంటూ ఉండదు. పాలల్లో నీళ్లు కలిసినట్టు చుట్టూ ఉన్న మెదడులోకి చొచ్చుకుపోతుంది. నెమ్మదిగా పెరిగే రకంలోనైతే కణితి మధ్యలో కూడా పనిచేసే మెదడు మిగిలి ఉండొచ్చు. ఎంత ఎక్కువ తీస్తే రోగికి అంత ఎక్కువకాలం బతికే అవకాశం. కానీ ఒక్క సెంటీమీటరు అటూ ఇటూ అయితే మాట పడిపోవచ్చు, చెయ్యి చచ్చుబడొచ్చు.

మాట ఉండే చోటు పుస్తకాల్లో ఉందిగా అంటారు. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు చూపించిన చోటునే మనందరం చదువుకున్నాం. కానీ 1989లో అమెరికా సర్జన్ జార్జ్ ఓజెమన్ బృందం 117 మంది మెదళ్లను ఆపరేషన్‌లో పరీక్షించి చూస్తే, మాటకు కీలకమైన చోట్లు మనిషికీ మనిషికీ మారిపోయాయి. చాలామందిలో ఆ చోటు ఒకటి రెండు చదరపు సెంటీమీటర్లే. ఫంక్షనల్ ఎంఆర్‌ఐ ముందుగా కొంత చెబుతుంది గానీ, మాట్లాడేటప్పుడు ఏయే భాగాలు పనిచేస్తున్నాయో చూపిస్తుంది తప్ప, ఏది తీసేస్తే మాట ఆగిపోతుందో చెప్పలేదు. పైగా పుర్రె తెరిచాక మెదడు కాస్త జరుగుతుంది, స్కాన్‌లో చూసిన చోటు అక్కడే ఉండదు.

అందుకే రోగినే అడగాలి. మెదడుకు నొప్పి తెలియదు. తల మీది చర్మానికి మత్తు ఇంజెక్షన్లు ఇస్తారు. కెనడాలోని మాంట్రియల్‌లో సర్జన్ వైల్డర్ పెన్‌ఫీల్డ్ 1930ల నుంచే మూర్ఛ రోగులకు ఇలా చేశాడు.

ఇప్పుడు మా పని ఎలా ఉంటుందంటే, సర్జన్ సన్నని రెండు మొనల పరికరంతో మెదడు పైపొరను తాకించి కొద్ది మిల్లీయాంపియర్ల కరెంటు ఇస్తారు. ఆ క్షణమే నేను తెర మీద బొమ్మ చూపిస్తాను. రోగి 'ఇది ఏనుగు' అని పూర్తిగా చెప్పాలి. 'ఇది... ఇది...' అని ఆగిపోతే, నోరు ఆడుతోంది, పేరు మాత్రం రావడం లేదన్నమాట. 'ఇది' కూడా రాకపోతే మాట పలికే కదలికే ఆగిందని అర్థం. కరెంటు తీయగానే మళ్లీ మాట వస్తుంది. అనుమానం లేకుండా ఉండేందుకు అదే చోట మూడుసార్లు చూస్తాం. తేలిన చోట సర్జన్ అంకె ఉన్న చిన్న కాగితం పెడతారు. అక్కడ ఇక కత్తి పడదు. మధ్యలో ఫిట్స్ మొదలైతే చల్లటి సెలైన్ మెదడు మీద పోసి ఆపుతారు.

లోతుకు వెళ్లాక కూడా పరీక్ష ఆగదు. లోపలి నరాల తీగల్లో ఒకదాన్ని తాకితే 'కత్తెర'కు బదులు 'తక్కెర' అంటారు, ఇంకొకదాన్ని తాకితే గాడిదను చూసి 'గుర్రం' అంటారు. ఆ తేడా చెవిన పడగానే నేను 'ఆపండి' అంటాను.

2012లో 90 అధ్యయనాలను, 8,091 మంది రోగులను కలిపి లెక్క చూశారు. ఇలా కరెంటుతో కీలకమైన చోట్లు గుర్తించడాన్ని మ్యాపింగ్ అంటాం. అది చేసినవాళ్లలో తీవ్రమైన లోపం నిలిచిపోయింది 3.4 శాతం మందికి, చేయనివాళ్లలో 8.2 శాతం మందికి. కణితి పూర్తిగా తీయగలిగింది మొదటివాళ్లలో 75 శాతం, రెండోవాళ్లలో 58 శాతం. అంటే ఎక్కువ తీశారు, తక్కువ నష్టం జరిగింది.

నేను గట్టిగా అడిగేది ఒకటుంది. ఈ పరీక్ష రోగి ఇంట్లో మాట్లాడే భాషలోనే జరగాలి. రెండు భాషలు వచ్చినవాళ్లలో ఒక్కో భాషకు కొన్ని వేరు చోట్లు ఉంటాయని 1978లోనే రాశారు. ఇంగ్లీషులో పరీక్షించి తెలుగు కూడా భద్రమనుకోవడానికి వీల్లేదు. బొమ్మలూ అంతే. ఎన్నడూ చూడని వస్తువు పేరు చెప్పలేకపోతే అది కరెంటు వల్ల కాదుగా. అందుకే ముందు రోజే అన్నీ చూపించి, తడబడినవి తీసేస్తాం. మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ చేయాల్సి వస్తే డాక్టరుగారికి అన్నీ చెప్పండి: ఏయే భాషలు వచ్చు, ఎవరితో ఏది మాట్లాడతారు, కుట్టుపనా, లెక్కలా, వీణా, బతుకుతెరువేమిటి. వాటిని బట్టే పరీక్షలు పెట్టుకుంటాం.

ఒక్కోసారి మాట ఉన్న చోటే కణితి ఉంటుంది. అప్పుడు కొంత వదిలేయక తప్పదు. అలా వదిలేశారని ఇంటివాళ్లు కుంగిపోతుంటారు. నెమ్మదిగా పెరిగే కణితి ఉన్న కొందరిలో, కొన్నేళ్లకు మాట పనిని పక్క భాగాలు అందుకుంటాయి. ఫ్రాన్స్‌లోని మోన్‌పెలియేలో ఊగ్ దుఫో బృందం అలాంటివాళ్లకు మళ్లీ మ్యాపింగ్ చేసి, మొదటిసారి ముట్టుకోలేని ముక్కను రెండోసారి తీయగలిగింది.